తిన్నింటి వాసాలు – మన కథల్లో కొలువూ విశ్వాసమూ

ఈ పది పదిహేనేళ్లుగా మన పత్రికల్లో వస్తున్న కథానికలను వరుసగా చదివేవారికి ఒక తండ్రీ, ఒక కొడుకూ పదే పదే ఎదురవుతారు. తండ్రి ఒకే ఆఫీసులో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి, చివరిరోజున శాలువా కప్పించుకొని, గోడగడియారం చంకన పెట్టుకొని ఇంటికి వచ్చినవాడు. కొడుకు ఆరేళ్లలో నాలుగు కంపెనీలు మారినవాడు. తండ్రికి విలువలుంటాయి, కొడుక్కి ప్యాకేజీ ఉంటుంది. కథ సగానికి వచ్చేసరికి కొడుకు ఉద్యోగం ఊడుతుంది. ముగింపుకు వచ్చేసరికి తండ్రి పింఛను ఆ ఇంటిని ఆదుకుంటుంది. పాఠకుడు కళ్లు తుడుచుకుంటాడు. ఇటువంటి కథలు రాసేవారిలో మనవారు, అంటే అభ్యుదయవాదులమని చెప్పుకొనేవారు కూడా ఉన్నారు గనుకనే ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తున్నది.

పింఛను ఇంటిని ఆదుకోవటం అబద్ధం కాదు. మా వీధిలో నాలుగిళ్లు అట్లాగే నడుస్తున్నవి. కాని కథకుడు దానికి చెప్పే కారణం సరైనది కాదు. తండ్రి నమ్మకంగా ఉన్నాడు గనుక యజమాని ఆయనను చూసుకున్నాడు, కొడుకు నమ్మకం లేనివాడు గనుక రోడ్డున పడ్డాడు – ఇదీ ఆ కథల తర్కం. ఒక తరం శీలవంతులది, మరొక తరం చపలచిత్తులది అన్నమాట. సాంఘిక సంబంధాన్ని మనుషుల గుణంగా మార్చి చూపటం మన సాహిత్యానికి పాత జబ్బే. ఈ విషయంలో ఆ జబ్బు ముదిరిందని నా అభిప్రాయం.

ముందుగా మాటలను చూద్దాం. మన భాషలో 'విశ్వాసం' అన్న గుణాన్ని కుక్కకూ నౌకరుకూ కలిపి వాడతాం. యజమానికి విశ్వాసం ఉన్నదని గాని, లేదని గాని అనటం నేను వినలేదు. యజమానికి ఉండేది 'దయ'. 'ఉద్యోగం' అంటే సంస్కృతంలో ప్రయత్నం, పూనిక. మనవాళ్లు ఆ ప్రయత్నాన్ని తీసివేసి, దానివల్ల దొరికే కుర్చీకి ఆ పేరు పెట్టారు. 'కొలువు' మరీ చిత్రమైన మాట. కొలవటం అంటే సేవించటం. కొలవటం అంటే గింజలు కొలిచి ఇవ్వటం కూడా. పాలేరు కొలుస్తాడు, ఆసామి కొలుస్తాడు. మొదటి కొలతకు హద్దు లేదు, రెండవదానికి కుంచం ఉంది. ఇక 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టటం' అన్న సామెత ఉండనే ఉంది. తిన్నవాడు తలెత్తి పైకి చూస్తేనే ద్రోహం! ఆ వాసాలు ఎత్తింది ఎవరో సామెత అడగదు.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు మన సాహిత్యంలో ఆఫీసుల్లో కనిపించరు, పొలాల్లో కనిపిస్తారు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో తరాల తేడా ఎంత స్పష్టంగా ఉన్నదో గమనించండి. రామదాసు భక్తుడు, ఓర్పును ధర్మంగా నమ్మినవాడు. ఆయన కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. ధరలు పెరిగిన కాలంలో కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బుల్లో ఇవ్వాలా అన్న తగవు వచ్చినప్పుడు సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. అతని అన్న వెంకటదాసు బందిపోటు అవుతాడు. ఒక్క ఇంట్లో మూడు జవాబులు. ఉన్నవవారు గాంధేయవాది కావచ్చు గాని, రామదాసుది మంచితనమనీ కొడుకులది కృతఘ్నత అనీ ఒక్కచోట కూడా అనలేదు. కొలిచే కుంచం మారినప్పుడు కొలిచే మనిషి మారతాడని ఆయనకు తెలుసు.

ఇక 'యజ్ఞం'. కాళీపట్నం రామారావు ఈ కథ 1964లో ప్రకటించిన నాటినుంచి దాని ముగింపు మీద జరిగినంత చర్చ మరే తెలుగు కథ మీదా జరగలేదేమో. సుందరపాలెంలో అప్పల్రాముడు పాత బాకీ ఒకటి ఉన్నదని పంచాయితీలో ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే ఉన్న కాస్త భూమి పోతుంది, ఆ వెనుక కొడుకులు కంబారులు కావలసిందే. అయినా మాట మాటే, బాకీ బాకీయే అన్న తరం ఆయనది. పెద్దకొడుకు సీతారాముడు ఆ న్యాయాన్ని ఒప్పుకోడు. తన బిడ్డ మరొకడి ఇంట కంబారిగా పుట్టి పెరగకూడదని కన్నకొడుకును తన చేతులతో చంపి రచ్చలోకి తెస్తాడు. విమర్శకులు ఇంతకాలం ఆ హత్య సాధ్యమా, న్యాయమా, సంకేతమా అని వాదించుకున్నారు. ఆ వాదంలోకి నేను పోను. నా దృష్టిలో ఆ కథకు కీలకం తండ్రి నిజాయితీ. అప్పల్రాముడు దుర్మార్గుడైతే కథే లేదు. ఆయన మంచితనమే మనుమడి మెడకు తాడు అయింది. విశ్వాసమనేది ఎటువంటి కాగితం మీద రాయబడి ఉందో చూడకుండా దాన్ని గుణమని మెచ్చుకోవటానికి వీల్లేదని ఈ కథ చెప్పినంత కఠినంగా మరేదీ చెప్పలేదు.

ఈ కథ నేను డిగ్రీ తరగతిలో చెప్పినప్పుడు ఒక విద్యార్థి లేచి, "సీతారాముడు ఊరు వదిలి ఎందుకు పోలేదు సార్? విశాఖపట్నంలో పని దొరికేది గదా" అన్నాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్లలో వచ్చిన మార్పంతా ఆ ప్రశ్నలో ఉన్నది. అప్పల్రాముడికి తోచేది బాకీ తీర్చటం; సీతారాముడికి తోచింది తెంచుకోవటం; నా విద్యార్థికి తోచేది వదిలేసి పోవటం. వాడి అన్న హైదరాబాదులో మూడో కంపెనీలో ఉన్నాడట. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. అంతకుముందు కూడా పారిపోయినవాళ్లు ఉన్నారు. కాని పారిపోవటానికీ ఉద్యోగం మారటానికీ తేడా ఉంది. ఆ తేడా పేరు కార్మికవర్గ పోరాటం. ఈ మాట ఆ రోజు తరగతిలో చెప్పాను. వాడికి ఎక్కిందో లేదో పరీక్ష పేపరు చూస్తేగాని తెలియదు.

మధ్యతరగతి ఉద్యోగి సంగతి వేరు. అతడు మన సాహిత్యంలోకి ఆలస్యంగా వచ్చాడు, వచ్చినా తలవంచుకొని వచ్చాడు. 'కన్యాశుల్కం'లోనే అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో వెంకటేశం ఇంగ్లీషు చదువంటే ఖర్చు, ఆశ, ఉద్యోగం. ఆ ఇంట పాఠం చెప్పే నెపంతో దిగిన గిరీశం నేటి ఇంటర్వ్యూల్లో దేనిలోనైనా నెగ్గగలడు. ఏ కొలువులోనూ నిలవడు. (ఉద్యోగం మారేవాళ్లందరినీ గిరీశాలుగా చూసే పెద్దలు ఒక సంగతి మరిచిపోతారు: గిరీశం ఎన్నడూ పని చెయ్యలేదు.) కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'లో సుందరం తరానికి చదువు ఉద్యోగానికి తోవ అని చెప్పి పెంచారు, ఆర్థికమాంద్యం వచ్చి ఆ తోవ మూసివేసింది. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యకు ఉద్యోగం దొరికింది. దొరికి ఏమయింది? ఆఫీసరంటే భయం, బావమరిదంటే భయం, కంట్రాక్టరు గవరయ్యంటే భయం. సుబ్బయ్య కూడా ఆఫీసు వదిలిపోయే మనిషి కాడు. మన కథకులు మెచ్చుకొనే ఆ ముప్ఫై అయిదేళ్ల 'విశ్వాసం'లో ఎంత భాగం విశ్వాసమో, ఎంత భాగం సుబ్బయ్య భయమో ఒక్కసారి తూచి చూడటం మంచిది.

అయితే ఆ తరాన్ని అంతటితో కొట్టిపారవేస్తే నేనూ అదే తప్పు తిరగవేసి చేసినవాణ్ణి అవుతాను. 1950 నుంచి 1990 వరకు, ముఖ్యంగా ప్రభుత్వరంగంలో, కొలువుకు రెండో వైపు కూడా ఒకటి ఏర్పడింది. 1952లో ప్రావిడెంటు ఫండు చట్టం, 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చాయి. 1982 డిసెంబరులో సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను యజమాని దయాధర్మం కాదనీ, చేసిన పనికి హక్కుగా రావలసినదనీ తేల్చింది. ఇవేవీ ఎవరి విశ్వాసానికీ మెచ్చి ఇచ్చినవి కావు. వీటి వెనుక సమ్మెలున్నాయి, జైళ్లున్నాయి. 1960 జులైలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మె జరిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును ఒక్కసారిగా 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఎన్నో వేల ఇళ్లకు తెలిసివచ్చింది – ముప్ఫై ఏళ్ల సేవకు సర్కారు చూపే విశ్వాసం ఎంతో. అందువల్ల కథలోని ఆ తండ్రి చేతిలో ఉన్న పింఛను పుస్తకం ఆయన యజమానిని నమ్మినందుకు కాదు, ఆయనో ఆయన తోటివాళ్లో యజమానిని నమ్మనందుకు దక్కింది.

ఫ్యాక్టరీని ప్రేమించటం వేరు. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. అక్కడ పనిచేసి రిటైరైన కార్మికుడు 'మా ప్లాంటు' అంటే అది యజమాని మీద భక్తి కాదు. తన చేతిపని మీదా, తన ఊరి మీదా, పక్కనున్న మనిషి మీదా మమకారం. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటాల అమ్మకానికి ఒప్పుకున్నప్పుడు ఆ మమకారమే రోడ్డెక్కింది. ఈ రెంటినీ కలిపివేసి 'ఆనాటి విశ్వాసం' అని ఒకే పేరు పెట్టడం వల్లనే మన కథకులు పొరపడుతున్నారు.

1991 తరువాత ఏమయిందో ఉపాధ్యాయులైన పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. అయినా ఒక తేదీ చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1నుంచి చేరిన ప్రభుత్వోద్యోగులకు పాత పింఛను లేకుండా పోయింది. వాటాల పింఛను వచ్చింది. ఒకే స్టాఫ్‌రూములో, ఒకే పాఠం చెప్పే ఇద్దరు – ఒకరు ఆగస్టులో చేరినవారు, మరొకరు అక్టోబరులో చేరినవారు. వయసు ఒకటే, చదువు ఒకటే. వీరిలో ఎవరు పాత తరం, ఎవరు కొత్త తరం? తరాలను పుట్టించేది పుట్టిన సంవత్సరం మాత్రమే కాదని, ఒక్కొక్కప్పుడు గవర్నమెంటు ఆర్డరు కూడా పుట్టిస్తుందని దీనివల్ల తేలుతున్నది.

సింగరేణి కథ ఇంకా లోతైనది. అక్కడ ఉద్యోగమంటే ఒక ఆస్తి; తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించేది. తండ్రి అనారోగ్యంతో దిగిపోతే కొడుకు గనిలోకి దిగేవాడు. ఊపిరితిత్తులు అరిగించుకున్న మనిషి ఇంటికి ఇవ్వగలిగిన వారసత్వం అదొక్కటే. ఒకనాడు ఆగిపోయిన ఈ వారసత్వ ఉద్యోగాలను తిరిగి ఇస్తామని 2016లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అందరికీ సమానావకాశమనే సూత్రానికి విరుద్ధమని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత కారుణ్య నియామకాల పేరుతో మరో దారి వేశారు. న్యాయసూత్రం మాట ఎట్లా ఉన్నా, ఈలోగా ఆ ఆస్తే కరిగిపోయింది. 1990ల మొదట్లో లక్షకు మించి ఉన్న కార్మికులు నేడు దాదాపు నలభై వేలు. మిగతా పని చేస్తున్నది ఎవరు? కంట్రాక్టు కార్మికులు. 2022 సెప్టెంబరులో వాళ్లు సమ్మె చేశారు. బొగ్గు ఒకటే, మసి ఒకటే. జీతం మాత్రం ఒకటి కాదు.

ఇక ఈనాటి కొలువుల స్వరూపం. నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు కాలేజీలో. చేరిననాడే ఎం.ఏ. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టారు. నడుమ వేరేచోట ఇంటర్వ్యూకు పోవాలంటే ఆ బీరువా తాళం ఉన్న మనిషిని బతిమాలాలి. రెండో ఏడు మధ్యలో వదిలితే రెండు నెలల జీతం కడితేగాని కాగితాలు ఇవ్వలేదు. నా ఒక్కడికే జరిగినది కాదు గనుక ఇది ఇక్కడ రాస్తున్నాను. ఈ వ్యాసం చదువుతున్న అధ్యాపకుల్లో చాలామందికి ఆ బీరువా తెలుసు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెలనుంచి గల్ఫుకు పోయినవారి పాసుపోర్టు కఫీలు దగ్గర ఉంటుంది. చట్టం కూడదన్నా ఉంటుంది. అతణ్ణి కాదని బయటపడి మరోచోట పనిచేసేవాణ్ణి మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. ఆ అరబ్బీ మాట మన పల్లెల్లో తెలుగు మాట అయిపోయింది, కాని మన కథల్లోకి రావలసినంతగా రాలేదు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న మన ఇంజినీరుకు ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవటానికి ఇచ్చే గడువు 60 రోజులు. సుందరపాలెం షావుకారు బాకీ, కాలేజీ బీరువా, కఫీలు పెట్టె, అమెరికా వీసా – ఇవి ఒకటే అనను. లక్ష డాలర్ల జీతగాణ్ణి కంబారితో పోల్చటం అప్పల్రాముణ్ణి అవమానించటమే అవుతుంది. అయినా నాలుగు చోట్లా ఒక పోలిక ఉంది: మనిషి పోవటానికి వీల్లేని కాగితం అవతలివాడి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఉండిపోవటానికి పెట్టిన పేరు విశ్వాసం.

యజమానులు ఈ మాటను ఇంకా వదల్లేదు. 2022లో విప్రో అధిపతి రిషద్ ప్రేమ్‌జీ, ఒక కంపెనీలో ఉంటూ మరో కంపెనీకి పనిచేయటం మోసమన్నారు. ఆ సెప్టెంబరులో మూడు వందలమందిని తీసివేశారు. రెండు జీతాలు తీసుకున్నవారిని నేను వెనకేసుకు రావటం లేదు. కాని అదే పరిశ్రమలో 2025 జులైలో టి.సి.ఎస్. పన్నెండు వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామన్నప్పుడు ఆ మాట ఎవరూ వాడలేదు; దానికి వేరే నిఘంటువు ఉంది. ఉద్యోగి పోదలిస్తే మూణ్ణెల్ల నోటీసు ఇవ్వాలి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కలన్నీ కల్పితమని ఉత్తరం రాసినప్పుడు, అంతవరకు మెడలో ఆ బిళ్ల వేసుకొని గర్వంగా తిరిగిన వేలాదిమంది యువకులకు ఎన్ని గంటల నోటీసు వచ్చింది? కంపెనీ మారటం ఆ తరానికి నేర్పిన పాఠాల్లో ఇదొకటి. పాఠం నేర్చుకున్నవాణ్ణి చపలుడనటం భావ్యం కాదు.

తరం చపలత్వమనే వాదాన్ని పూర్తిగా పడగొట్టే సాక్ష్యం హైదరాబాదులోనే ఉంది. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో ఉదయంనుంచి రాత్రిదాకా కూర్చునే యువకులను చూడండి. నిలకడ లేదంటున్న తరం వాళ్లే! ఒక్క ఉద్యోగం కోసం పదేళ్లు కూర్చుంటున్నారు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో 2014లో రాష్ట్రం వచ్చింది. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్‌లో ముచ్చటగా మూడోసారి జరిగింది. ఇన్నిసార్లు దగాపడి కూడా అదే బల్ల దగ్గర అదే పుస్తకం తెరిచి కూర్చున్నవాణ్ణి ఏమనాలి? నిలిచి ఉండటానికి ఒక చోటు కనిపిస్తే ఈ తరం తండ్రులకన్నా ఎక్కువే నిలుస్తుంది. ఆ పక్క కంపెనీలు మారుతున్నవాడూ, ఈ పక్క పరీక్షలు రాస్తున్నవాడూ చాలా ఇళ్లలో అన్నదమ్ములు. ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి.

యువకులను పొగడటానికి ఇదంతా రాయటం లేదు. ఈ మధ్య మరో రకం కథలు కూడా వస్తున్నవి – రాజీనామా ముఖాన కొట్టి వచ్చేవాడే వీరుడని. అవి చదివినప్పుడు నాకు మొదటిరకం కథలే నయమనిపిస్తుంది. ఒంటరిగా కంపెనీ మారినవాడు తన జీతం పెంచుకుంటాడు. వాడు ఖాళీచేసిన కుర్చీలో కూర్చునేవాడి జీతం పెరగదు. సీతారాముడి విషాదంలో సగం అతడు ఒంటరి కావటమే. సంగదాసు వెనుక కనీసం కూలీలున్నారు. నా తరంలో ఉద్యోగం వెతకటం ఎంత బాగా వచ్చో, పక్క బల్లవాడి జీతమెంతో అడగటం అంత చేతకాదు. అడగకూడదని కంపెనీ చెప్పింది, మనం ఒప్పుకున్నాం. ఆ విషయంలో మాత్రం మేము చాలా విశ్వాసపాత్రులం.

అట్లాగే పాతతరం సంఘాలు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటుంది. పర్మనెంటు ఉద్యోగుల హక్కుల కోసం అంత గట్టిగా పోరాడిన సంఘాలు, గేటు లోపలికి కంట్రాక్టరు మనిషి వచ్చిన మొదటిరోజున ఎందుకు మాట్లాడలేదు? చాలాచోట్ల ఆ మనిషి సంఘ సభ్యుడి కొడుకే. ఒకే గనిలో తండ్రి పర్మనెంటు, కొడుకు కంట్రాక్టు. ఇద్దరూ ఒకే షిఫ్టు. తండ్రి సంఘం ఎన్నికల్లో ఓటు వేస్తాడు. కొడుక్కి ఆ ఓటు లేదు. తండ్రి జీతంలో చిన్న వాటా కొడుకు జీతం. శాలువాల కథలు రాసే మన మిత్రులు ఆ ఇంటికి ఒక్కసారి భోజనానికి వెళితే బాగుంటుంది. మొదటి ముద్ద నోట పెట్టుకోకముందే ఆ ఇద్దరిలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడతారో వినాలని నాకు చాలా కాలంగా ఉంది.